పది పౌండ్ల నవల: జేన్ ఆస్టెన్ కాలంలో రాసిన స్త్రీకి మిగిలిందెంత?

క్లుప్తంగా: పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో స్త్రీలను రాయనివ్వలేదని, అందుకే పేరు దాచుకున్నారని చాలామంది అనుకుంటారు. నిజానికి 1810లలో అక్కడ అచ్చయిన కొత్త నవలల్లో పురుషులు రాసినవాటి కంటే స్త్రీలు రాసినవే ఎక్కువ. చిక్కు డబ్బు దగ్గర వచ్చేది. పెట్టుబడి ఎవరిది, నష్టం ఎవరిది, కాపీరైట్ ఎవరి చేతిలో ఉంది, అమ్మకాల లెక్క ఎవరికి తెలుసు అన్నవాటిని బట్టి ఒకరికి 10 పౌండ్లు, ఇంకొకరికి 2,100 పౌండ్లు వచ్చాయి. ఆ తేడా ఎలా వచ్చిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2017లో విడుదల చేసిన 10 పౌండ్ల నోటు మీద జేన్ ఆస్టెన్ బొమ్మ ఉంది. సరిగ్గా ఆ 10 పౌండ్లకే 1803లో ఆమె నవల ఒకటి అమ్ముడుపోయింది. కొన్నది లండన్‌లోని క్రాస్బీ అనే ప్రచురణ సంస్థ. అప్పటికి నవల పేరు 'సూసన్'. క్రాస్బీ వాళ్లు డబ్బిచ్చారు, త్వరలో వస్తోందని ప్రకటన కూడా వేశారు, పుస్తకం మాత్రం వెయ్యలేదు.

ఆరేళ్లు చూశాక 1809 ఏప్రిల్‌లో ఆస్టెన్ 'మిసెస్ ఆష్టన్ డెనిస్' అనే మారుపేరుతో వాళ్లకు ఉత్తరం రాశారు. రాతప్రతి పోయి ఉంటే ఇంకో ప్రతి పంపిస్తాను, జవాబు రాకపోతే వేరే చోట వేయించుకుంటాను అన్నది దాని సారాంశం. ఆ మారుపేరులోని మొదటి అక్షరాలు కలిపితే 'మ్యాడ్' అవుతుంది. ఉత్తరం కింద సంతకమూ అదే. జవాబు వెంటనే వచ్చింది. ఫలానా గడువులోగా వేస్తామని ఒప్పందం లేదు, వేరెవరైనా వేస్తే అడ్డుకుంటాం, కావాలంటే మా 10 పౌండ్లు మాకిచ్చి రాతప్రతి తీసుకెళ్లండి అని. ఆ 10 పౌండ్లు కట్టి దాన్ని వెనక్కి తెచ్చుకునేసరికి 1816 వచ్చింది. పని పూర్తయ్యాకే, ఇది ఫలానా ప్రసిద్ధ నవలలు రాసినావిడదేనని ఆమె అన్న హెన్రీ వాళ్లకు చెప్పారని ఆ కుటుంబంలో ఒక కథ ఉంది.

2025 డిసెంబర్ 16తో ఆస్టెన్ పుట్టి 250 ఏళ్లు నిండాయి. ఇలాంటి సందర్భం వచ్చినప్పుడల్లా, ఆడవాళ్లు రాయకూడని కాలంలో చాటుగా రాసిన మనిషి అనే కథ మళ్లీ ముందుకొస్తుంది. వినడానికి బాగుంటుంది గానీ, క్రాస్బీ ఉదంతంలోనే అది నిలవదు. అక్కడ స్త్రీ రాసిందని ఎవరూ కాదనలేదు. కొనుక్కున్నారు, కొనుక్కుని అటక మీద పడేశారు. అలా పడేసే హక్కు వాళ్లకెలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

అచ్చుకు నాలుగు దారులు

అప్పటి ఇంగ్లండులో ప్రచురణకర్తను 'బుక్‌సెల్లర్' అనే పిలిచేవారు. పుస్తకాల షాపూ ఆయనదే, ప్రచురణా ఆయనదే. రాతప్రతి పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లిన మనిషికి దారులు నాలుగు.

సులువైనది కాపీరైట్ అమ్మేయడం. ఒక్కసారి డబ్బు చేతికొస్తుంది, ఇక ఆ పుస్తకంతో రచయితకు సంబంధం ఉండదు. ఎన్ని ముద్రణలు వేసినా, అసలు వెయ్యకపోయినా కొన్నవాడి ఇష్టం. 'సూసన్'కు జరిగిందిదే. కొత్తగా రాసేవాళ్లకు, ఇంటి అద్దె కట్టాల్సినవాళ్లకు ఈ దారే గతి. లండన్ లెడెన్‌హాల్ వీధిలో విలియం లేన్ నడిపిన మినర్వా ప్రెస్ ఇలా నవలలను పదికీ ఇరవైకీ కొని అచ్చువేసేది. దాని రచయితల్లో స్త్రీలు చాలామంది.

రెండోది కమీషన్ పద్ధతి. కాగితం, అచ్చు, ప్రకటనల ఖర్చంతా రచయిత ఖాతాలోకే వెళ్తుంది. ముందుగా డబ్బు ప్రచురణకర్త పెట్టినా, అమ్మకాలు ఆ ఖర్చును రాబట్టకపోతే తేడా రచయితే కట్టాలి. అమ్మకాల మీద ప్రచురణకర్తకు సుమారు 10 శాతం. లాభం మిగిలితే అది రచయితది, కాపీరైటూ రచయితదే. ఇప్పుడు మన దగ్గర సొంత ఖర్చుతో పుస్తకం వేయించుకుని పంపిణీదారుకు ఇచ్చే కవులకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. అయితే అప్పట్లో దీన్ని చిన్నచూపు చూసేవారు కాదు. పేరున్న ప్రచురణకర్తలూ ఇలా వేసేవారు.

మూడోది లాభాల్లో వాటా. నష్టమొస్తే ప్రచురణకర్తది, లాభమొస్తే చెరిసగం. పైకి న్యాయంగానే ఉంటుంది. కానీ ఖర్చులు రాసేది ఆయనే, లాభం తేల్చేదీ ఆయనే.

నాలుగోది చందాలు. అచ్చుకు ముందే పాఠకుల దగ్గర డబ్బు పోగుచేసి, వాళ్ల పేర్ల జాబితాను పుస్తకం ముందు వెయ్యడం. పెద్దింటివాళ్లతో పరిచయాలు ఉంటేనే ఇది సాగుతుంది. ఫానీ బర్నీకి రాజాస్థానంలో ఉద్యోగం చేసిన పరిచయాలుండేవి. 1796లో తన 'కెమిల్లా' నవలకు ఆమె ఒక్కో ప్రతికి గినీ చొప్పున, అంటే 21 షిల్లింగులు, చందాలు సేకరించారు. ఆపైన కాపీరైట్‌ను 1,000 పౌండ్లకు అమ్మారు. ఆ డబ్బుతో కట్టుకున్న ఇంటికి కెమిల్లా కాటేజ్ అనే పేరొచ్చింది. ఆ చందాదారుల జాబితాలో 'మిస్ జె. ఆస్టెన్, స్టీవెంటన్' అనే పేరూ కనిపిస్తుంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు.

కాగితం ఖరీదు, అచ్చు లెక్క

పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. 1811లో ఆస్టెన్ తొలి నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' మూడు సంపుటాల ధర 15 షిల్లింగులు. పొలం కూలీకి వారానికి దొరికేది 10 షిల్లింగులకు అటూ ఇటూ. ఒక నవల కొనాలంటే వారంన్నర జీతం పెట్టాలన్నమాట. ఇంత ధర ఎందుకంటే, ముఖ్యంగా కాగితం.

అప్పటి కాగితం చెక్క గుజ్జుతో తయారయ్యేది కాదు, చింకి గుడ్డలతో తయారయ్యేది. నార బట్టలు, పాత చొక్కాలు, తెరచాప పీలికలు మిల్లుకొస్తే, గుండీలు కోసి, కుట్లు విప్పి, రంగును బట్టి, నాణ్యతను బట్టి వేరుచేయాలి. దుమ్ములో కూర్చుని ఈ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్లే. అచ్చయిన కాగితాలు మడతపెట్టి, దారంతో కుట్టే పనీ బైండింగ్ షాపుల్లో ఆడవాళ్ల చేతుల్లోనే ఉండేది. పుస్తక వ్యాపారంలో స్త్రీలంటే నవలలు రాసినవాళ్లే గుర్తొస్తారు గానీ, సంఖ్యలో చూస్తే ఈ పేరులేని కూలీలే ఎక్కువమంది అయి ఉండాలి.

ఫ్రాన్సుతో యుద్ధం వల్ల గుడ్డ పీలికల దిగుమతి చిక్కుల్లో పడింది. పైన కాగితం మీద పన్ను ఉండనే ఉంది. పుస్తకం తయారీ ఖర్చులో సగం దాకా, ఒక్కోసారి అంతకు మించి, కాగితానికే పోయేది. దానికి తోడు సీసపు అక్షరాలు ఖరీదైనవి, ప్రెస్సులో తక్కువగా ఉండేవి. కొన్ని పేజీలు కూర్చి, అచ్చువేసి, వెంటనే ఆ అక్షరాలు విడదీసి తర్వాతి పేజీలకు వాడేవారు. పుస్తకం అయ్యేసరికి మొదటి పేజీ కూర్పు ఎక్కడా మిగిలి ఉండేది కాదు. రెండో ముద్రణ అంటే మళ్లీ మొదటి అక్షరం నుంచి కంపోజింగ్ చెయ్యాల్సిందే.

దీనివల్ల ప్రచురణకర్త రెండు వైపులా ఇరుక్కునేవాడు. ఎక్కువ వేస్తే కాగితం డబ్బు గోడౌన్‌లో కూర్చుంటుంది. తక్కువ వేస్తే, అవి అయిపోయాక కూర్పు ఖర్చు మళ్లీ మొదలవుతుంది. అందుకే కొత్త నవల 500 నుంచి 1,000 ప్రతుల మధ్య ఆగేది. అమ్ముడుపోయిన పుస్తకాన్ని కూడా మళ్లీ వెయ్యడానికి ఎందుకంత తటపటాయించేవారో ఇక్కడ అర్థమవుతుంది.

ధర తగ్గిస్తే చదివేవాళ్లు లేక కాదు. 1795లో హన్నా మోర్ మొదలుపెట్టిన చవక నీతికథల పుస్తకాలు, పెన్నీ అటూ ఇటూ ధరకి, ఏడాది తిరిగేసరికి 20 లక్షల ప్రతులు పోయాయి. పేదవాళ్లకు పంచడానికి డబ్బున్నవాళ్లు కట్టలకొద్దీ కొన్నవి అందులో చాలా ఉన్నాయి కాబట్టి పోలిక పూర్తిగా సరిపోదు. అయినా మూడు సంపుటాల నవల ఎంత చిన్న గదిలో తిరిగేదో ఈ అంకె పక్కన పెడితే తెలుస్తుంది.

అద్దె గ్రంథాలయం చెప్పిందే నడిచేది

మరి నవలలు కొన్నదెవరు? కొంత జమీందారీ కుటుంబాలు, చాలావరకు అద్దె గ్రంథాలయాలు. ఏడాదికి ఇంతని చందా కడితే పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లొచ్చు. మన ఊళ్లలో రోజుకు అర్ధరూపాయి తీసుకుని నవలలు అద్దెకిచ్చిన షాపులు గుర్తున్నవాళ్లకు ఇదెలా నడిచేదో వేరే చెప్పక్కర్లేదు. మూడు సంపుటాలంటే ఒకే నవలను ఒకేసారి ముగ్గురికి అద్దెకివ్వొచ్చు. మొదటి భాగం చదివినవాళ్లు రెండోదాని కోసం తిరిగొస్తారు. కథకు అవసరమున్నా లేకపోయినా మూడు సంపుటాలకు సాగదీయడం వెనక ఈ లెక్క ఉంది.

మినర్వా విలియం లేన్ ఇంకో అడుగు ముందుకేశారు. నవలలు అచ్చువేసేదీ ఆయనే, పెద్ద అద్దె గ్రంథాలయం నడిపేదీ ఆయనే. ఊళ్లలో కొత్తగా గ్రంథాలయం పెట్టుకునేవాళ్లకు పుస్తకాల కట్ట మొత్తం ఆయనే సరఫరా చేసేవారు. సరుకు ఆగకుండా కావాలి కాబట్టి కొత్తవాళ్ల రాతప్రతులకు తలుపు తెరిచి ఉండేది. స్త్రీలు ఇంతమంది నవలలోకి రావడానికి కారణం ప్రచురణకర్తల ఉదారత అనడం కంటే, ఈ ఆకలి అనడమే సరిగ్గా ఉంటుంది. నవలకు లాటిన్, గ్రీకు అక్కర్లేదు, కాలేజీ అక్కర్లేదు. స్త్రీలకు లేనివి ఆ రెండూ.

దీనికి మూల్యం కూడా ఉంది. అద్దె సరుకుకు గౌరవం ఉండదు, పత్రికల్లో సమీక్షకులు ఎగతాళి చేసేవారు. ఆస్టెన్ 'నార్తాంగర్ ఆబీ'లో ఇద్దరు అమ్మాయిలు ఉబలాటంగా చెప్పుకునే ఏడు భయానక నవలల్లో ఆరు మినర్వావే. క్రాస్బీ అటక మీద పడి ఉన్న 'సూసన్' ఈ నవలే, పేరు మారింది.

ఆస్టెన్ ఖాతా పుస్తకం

'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' 1811 అక్టోబర్ చివర్లో వచ్చింది. ప్రచురణకర్త థామస్ ఎగర్టన్ షాపు పేరు మిలిటరీ లైబ్రరీ. మొదటి పేజీలో రెండు విషయాలున్నాయి. రచయిత పేరున్న చోట 'బై ఎ లేడీ', అంటే 'ఒక స్త్రీ రాసినది'. కింద 'రచయిత కోసం అచ్చువేసినది'. అందరి కళ్లూ మొదటి మాట మీదే పడతాయి. డబ్బు సంగతి చెప్పేది రెండోది. ఇది కమీషన్ పుస్తకం, పోతే పోయేది ఆమె డబ్బే. నష్టం తప్పదని ముందే అనుకుని, తన కొద్దిపాటి ఆదాయంలోంచి కొంత పక్కన పెట్టుకున్నారని హెన్రీ తర్వాత రాశారు.

నష్టం రాలేదు. ప్రతులన్నీ అయిపోయి 140 పౌండ్లు మిగిలాయి. కానీ ఆ సంగతి తేలేలోగానే, 1812 చివర్లో, 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' కాపీరైట్‌ను ఎగర్టన్‌కు 110 పౌండ్లకు అమ్మేశారు. అడిగింది 150. ఇద్దరికీ నచ్చేది కుదరదు కదా అని స్నేహితురాలికి రాసుకున్నారు. అన్న హెన్రీకి శ్రమ తగ్గుతుందన్నది ఆమె చెప్పుకున్న ఇంకో కారణం. ఆ నవల 1813 జనవరి 28న 18 షిల్లింగుల ధరకు వచ్చి, ఏడాది తిరక్కుండానే రెండో ముద్రణకు వెళ్లింది. ఆ లాభమంతా ఎగర్టన్‌ది. అదే జులైలో ఇంకో అన్న ఫ్రాంక్‌కు రాసిన ఉత్తరంలో ఆమె 140కి 110 కలిపి, రాతతో 250 పౌండ్లు సంపాదించానని లెక్క చెప్పారు. మాటల్లో సంతోషమే కనిపిస్తుంది.

పాఠం నేర్చుకుని 'మ్యాన్స్‌ఫీల్డ్ పార్క్'ను మళ్లీ కమీషన్ మీదే వేయించారు. 1814 మేలో వచ్చి నవంబర్‌కల్లా అయిపోయింది. 300 పౌండ్లకు పైగానే వచ్చాయని పరిశోధకుల అంచనా. రెండో ముద్రణకు ఎగర్టన్ ముందుకు రాలేదు.

అప్పుడు ఆమె జాన్ మర్రే దగ్గరికి వెళ్లారు. బైరన్ కవిత్వం వేసిన మర్రే, లండన్‌లో అందరికీ తెలిసిన పేరు. 'క్వార్టర్లీ రివ్యూ' పత్రికా ఆయనదే. 'ఎమ్మా'తో పాటు 'మ్యాన్స్‌ఫీల్డ్ పార్క్', 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' మూడింటి కాపీరైట్లకు కలిపి 450 పౌండ్లు ఇస్తానన్నారు. "మోసగాడే అనుకోండి, కానీ మర్యాదస్తుడు" అని అక్క కసాండ్రాకు రాస్తూ ఆస్టెన్ ఆ బేరం వద్దనుకున్నారు. 'ఎమ్మా'ను కమీషన్ మీద 2,000 ప్రతులు వేయించారు, ధర 21 షిల్లింగులు. దాంతో పాటే 'మ్యాన్స్‌ఫీల్డ్ పార్క్' రెండో ముద్రణ 750 ప్రతులు.

మర్రే లెక్కలో 'ఎమ్మా' తొలి లాభం 221 పౌండ్ల 6 షిల్లింగుల 4 పెన్నీలు. బాగానే ఉంది. కానీ 'మ్యాన్స్‌ఫీల్డ్ పార్క్' రెండో ముద్రణ కదల్లేదు. దాని నష్టం 182 పౌండ్ల 8 షిల్లింగుల 3 పెన్నీలు. రెండూ ఒకే రచయిత ఖాతా కాబట్టి మర్రే ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేశారు. మిగిలింది 38 పౌండ్ల 18 షిల్లింగుల 1 పెన్నీ. 1817 ఫిబ్రవరిలో ఈ డబ్బు ఆమెకు అందింది. జులై 18న ఆమె చనిపోయారు. తన జీవితంలో పెద్ద ప్రచురణకర్త వేసిన పెద్ద నవల మీద ఆమె కళ్లతో చూసిన లాభం అంతే.

ఈ లెక్కను తిరగేసి చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అమ్మకూడనిది అమ్మారు, అమ్మాల్సినప్పుడు అమ్మలేదు. తెలివి తక్కువై కాదు. ఆస్టెన్ తన ఒక్కో పుస్తకాన్నే చూడగలరు, ఎగర్టన్‌కూ మర్రేకూ ఎన్నో పుస్తకాల ఖాతాలు కళ్లముందుంటాయి. ఏది ఎన్నాళ్లకు పోతుంది, రెండో ముద్రణ ఎప్పుడు వేస్తే ముంచుతుంది అన్నది వాళ్లకు అనుభవం. ఆ కబుర్లు తిరిగేది లండన్‌లో పుస్తక వ్యాపారుల వీధి పటర్‌నాస్టర్ రో కాఫీహౌసుల్లో, వ్యాపారులు విందు పెట్టుకుని టోకున పుస్తకాలు అమ్ముకునే బల్లల దగ్గర. అక్కడ పురుష రచయితకూ చోటు అంతంతమాత్రమే. ఊళ్లో ఉన్న పెళ్లికాని స్త్రీకైతే ఉత్తరాలూ, అన్నగారూ తప్ప వేరే దారి లేదు. హెన్రీ బ్యాంకరు. 1816 మార్చిలో ఆయన బ్యాంకే దివాలా తీసింది.

బతికుండగా ఆమె సంపాదన మొత్తం 650 పౌండ్ల చుట్టూ ఉంటుంది. అందులో 600 పౌండ్లు ఆమె నేవీ బాండ్లలో పెట్టారు. 5 శాతం వడ్డీకి ఏడాదికి 30 పౌండ్లు.

పేరు దాచడం వెనక

ఇక పేరు సంగతి. అప్పట్లో నవలలు చాలావరకు పేరు లేకుండానే వచ్చేవి, మగవాళ్లవి కూడా. 1814లో 'వేవర్లీ'తో మొదలుపెట్టి వాల్టర్ స్కాట్ తన నవలలన్నీ పేరు లేకుండానే వేసి, 1827లో గానీ బహిరంగంగా ఒప్పుకోలేదు. నవలాకారుడిగా కనిపించడం పెద్దమనుషులకు నామోషీ. 'ఫలానా నవల రచయిత రాసినది' అనే ముద్ర పేరు చేసే పనంతా చేసిపెట్టేది. పాఠకులు మనిషిని కాదు, వరసను గుర్తుపట్టేవారు.

స్త్రీలకు అదనపు కారణాలు ఉన్నమాట నిజమే. ఇంటిపేరు నలుగురి నోళ్లలో నానడం పెళ్లికాని అమ్మాయికి మంచిది కాదనేవారు. బర్నీ 1778లో తొలి నవల 'ఎవెలీనా'ను తండ్రికి కూడా తెలియకుండా, మారువేషం వేసిన తమ్ముడి చేత పంపి, 20 గినీలకు అమ్మారు. కానీ అవసరం ఉన్నచోట పేరు ముందుకొచ్చింది. షార్లెట్ స్మిత్ 1784లో తన సానెట్ల మీద పేరుతో పాటు ఊరు కూడా, 'ససెక్స్‌లోని బిగ్నర్ పార్క్' అని వేయించారు. భర్త అప్పుల జైల్లో ఉన్నప్పుడు, పెద్దింటి మనిషి రాసిందని తెలిస్తేనే కొంటారని ఆమెకు తెలుసు. ఆస్టెన్ విషయానికొస్తే, హెన్రీ కనబడ్డవాళ్లందరికీ చెప్పేయడంతో గుట్టు రట్టయింది. ఆమె 1813 సెప్టెంబర్‌లో అన్న ఫ్రాంక్‌కు రాసింది చూడండి: ఇక రహస్యం చేసుకునే కంటే డబ్బు చేసుకునే ప్రయత్నం చేస్తాను.

దాచుకోవడం ఎదురుతిరిగిన చోటూ ఉంది. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్'ను మర్రే వద్దన్నారు. చివరికి 1818 జనవరి 1న లాకింగ్టన్ సంస్థ 500 ప్రతులు, లాభంలో మూడోవంతు ఇచ్చే ఒప్పందం మీద వేసింది. పేరు లేదు, ముందుమాట భర్త పెర్సీ రాశారు. దాంతో నవల కూడా ఆయనదేనని చాలామంది అనుకున్నారు. 1823లో ఆ కథ నాటకంగా లండన్‌లో విరగబడి ఆడింది. నవలను నాటకం చేసుకుంటే రచయితకు పైసా ఇవ్వాలనే చట్టం లేదు. నాటకం పుణ్యమా అని ఆమె తండ్రి రెండో ముద్రణ వేయించారు, అప్పుడు పేరు పడింది.

పెళ్లయితే సంపాదన ఎవరిది

ప్రచురణకర్త కంటే గట్టి అడ్డంకి చట్టంలో ఉంది. ఆనాటి ఇంగ్లిష్ చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి భర్త నుంచి విడిగా న్యాయపరమైన ఉనికి లేదు. ఆమె సంపాదన భర్తది. సొంతంగా ఒప్పందం చేసుకునే అధికారమూ లేదు. ఇది మారడానికి 1870, 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టాల దాకా ఆగాల్సి వచ్చింది.

షార్లెట్ స్మిత్ జీవితం దీనికి ఉదాహరణ. పదిహేనో ఏట పెళ్లి, పెద్ద సంసారం, 1787లో భర్త నుంచి విడిపోయి పిల్లల కోసం దాదాపు ఏడాదికో నవల రాశారు. విడిగా ఉన్నా ఆ డబ్బు మీద ఆయనకు హక్కు పోలేదు, వచ్చి తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. మామగారి వీలునామా కోర్టులో చిక్కుకుని, ఆమె 1806లో చనిపోయేదాకా తేలలేదు. పెళ్లి చేసుకోని ఆస్టెన్‌కు తన 600 పౌండ్లు తన పేరునే పెట్టుకునే వీలుంది, అంత పేరున్న స్మిత్‌కు లేదు. ఆస్టెన్ ఒంటరితనం గురించి జాలిపడేవాళ్లు లెక్కలోకి తీసుకోని విషయం ఇది.

పై మెట్టు మీద ఉన్నవాళ్లు

బేరం ఆడగల స్త్రీలు లేకపోలేదు. ఆన్ రాడ్‌క్లిఫ్‌కు 1794లో ఒక నవలకు 500, 1797లో ఇంకోదానికి 800 పౌండ్లు వచ్చాయి. మరియా ఎడ్జ్‌వర్త్ 1814లో 'ప్యాట్రనేజ్'కు 2,100 పౌండ్లు తీసుకున్నారు. మర్రే ఆస్టెన్‌కు మూడు నవలలకు కలిపి ఇస్తానన్నదానికి ఇది నాలుగు రెట్లు దాటింది. కాపీరైట్ అమ్మడం తప్పు అనలేమని ఈ అంకెలు చెబుతాయి. ముందే పేరు సంపాదించుకున్న రచయితకు అదే లాభం, ఎందుకంటే తర్వాతి నష్టం ప్రచురణకర్తది. అదే ఏడాది బర్నీ 'ది వాండరర్'కు వాయిదాల మీద 1,500 పౌండ్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. తొలి ముద్రణ 3,000 ప్రతులు పాత పేరు మీద చకచకా పోయాయి, సమీక్షలు వచ్చాక రెండోది గోడౌన్‌లో ఉండిపోయింది. కమీషన్ పుస్తకమై ఉంటే బర్నీ మునిగేవారు.

సమీక్ష ఒక మనిషిని ఆపేయగలదని కూడా అదే కాలం చూపించింది. యాభై సంపుటాల నవలా సంకలనానికి సంపాదకత్వం వహించిన ఆనా బార్బాల్డ్, 1812లో యుద్ధాన్ని విమర్శిస్తూ ఒక దీర్ఘ కవిత వేశారు. రాజకీయాల్లో ఆడవాళ్లకేం పని అన్న ధోరణిలో 'క్వార్టర్లీ రివ్యూ' దాడి చేసింది. ఆ తర్వాత ఆమె పెద్ద రచన ఏదీ అచ్చుకివ్వలేదు. ఆ పత్రికే 1816లో 'ఎమ్మా' మీద స్కాట్ రాసిన మంచి సమీక్షను ప్రచురించింది. రెండు చోట్లా ప్రచురణకర్త మర్రేనే. ఎవరి దగ్గర వేయించుకున్నారన్నది పుస్తకం ధరనే కాదు, దాని మంచిచెడ్డలు తేల్చే తీర్పునూ ప్రభావితం చేసేది.

స్కాట్ వచ్చాక

'వేవర్లీ' వచ్చిన రెండు నెలలకు ఆస్టెన్ అన్నకూతురికి సరదాగా రాశారు: వాల్టర్ స్కాట్‌కు నవలలు రాసే పనేంటి, అందులోనూ మంచివి, కవిగా ఉన్న పేరు చాలదా, ఇతరుల నోటిదగ్గర కూడు లాక్కోవడం కాకపోతే. సరదాకు అన్నా, జరిగింది కొంత అదే. స్కాట్ అమ్మకాలు నవలకు డబ్బునూ గౌరవాన్నీ తెచ్చాయి, అవి వచ్చిన చోటికి పురుషులూ వచ్చారు. 1820లకల్లా కొత్త నవలల్లో పురుషుల వాటా పెరిగి స్త్రీలను దాటింది. 1821లో స్కాట్ 'కెనిల్‌వర్త్' ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు. మూడు సంపుటాల నవలకు ఆ ధర ఆ శతాబ్దంలో చాలాకాలం అలాగే నిలిచిపోయింది, పాఠకుడు మరింతగా అద్దె గ్రంథాలయం మీద ఆధారపడ్డాడు. 1826లో స్కాట్ ప్రచురణకర్త కాన్‌స్టబుల్ దివాలా తీయడంతో కొత్త పుస్తకాల మీద పెట్టుబడికి అందరూ జంకారు.

చవక ముద్రణ ఆ తర్వాతే వచ్చింది. కూర్చిన పేజీని మూసపోసి లోహపు పలకగా దాచే స్టీరియోటైప్ పద్ధతి వల్ల మళ్లీ వేసినప్పుడల్లా కంపోజింగ్ అక్కర్లేకుండా పోయింది. 1831లో రిచర్డ్ బెంట్లీ పాత నవలలను ఒక్కో సంపుటంలో 6 షిల్లింగులకు వెయ్యడం మొదలుపెట్టారు. ఆ వరసలో మొదటి ఏడాదే 'ఫ్రాంకెన్‌స్టైన్' వచ్చింది. మరుసటి ఏడు ఆయన ఆస్టెన్ నవలల కోసం హెన్రీ, కసాండ్రాల దగ్గరికి వచ్చారు. మొదట 250 పౌండ్లన్నారు. తీరా చూస్తే 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' వాళ్లది కాదు, ఇరవై ఏళ్ల కిందట 110 పౌండ్లకు కొన్న ఎగర్టన్ వారసులది. వాళ్లకు 40 పౌండ్లిచ్చి, ఆ 40 ఇందులోంచి తీసేసి, మిగిలిన అయిదు నవలలకు అన్నాచెల్లెళ్లకు 210 పౌండ్లు ఇచ్చారు. ఒక్కోదానికి 42 పౌండ్లు. అంటే 1832లో లండన్ వ్యాపారి లెక్కలో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ఖరీదు మిగతావాటి కంటే రెండు పౌండ్లు తక్కువ.